కడుగు నీళ్లలో పోతున్న నికెల్

(హైదరాబాద్ బాలానగర్‌లో లోహపు సామాన్లకు నికెల్, దాని పైన క్రోమ్ పూత వేసే ఓ చిన్న ప్లేటింగ్ షాపు. యజమానికీ, కెమికల్ ఇంజనీరింగ్ చదివిన ఆయన అన్న కూతురికీ మధ్య మాట. సామానులో లోపం, పర్యావరణానికి హాని లేకుండా పనిచేసే చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్న దగ్గర మొదలైంది.)

బాబాయి: జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్ అని 2014లో ప్రధాని ఎర్రకోట మీద చెప్పినప్పటి నుంచీ వింటున్నా. గోడకు ఆ కాగితం తగిలిస్తే ఆర్డరిచ్చే పార్టీ పీసుకు రూపాయి ఎక్కువిస్తాడా?

అమ్మాయి: ఇవ్వడు. కాగితం సంగతి తర్వాత బాబాయ్. నికెల్ తొట్టిలోంచి సామాను వేలాడదీసిన రాక్ ఎత్తీ ఎత్తగానే నీళ్లలో ముంచేస్తున్నారు. దానికి అంటుకుని పోయేది మీరు డబ్బు పోసి కొన్న నికెల్. పది సెకన్లు తొట్టి మీదే ఆపితే చాలావరకు అందులోకే కారుతుంది.

బాబాయి: చెప్పడం తేలికే. నికెల్ పట్టిన సామాను గాలికి ఆరిందంటే పైన క్రోమ్ సరిగ్గా పట్టదు. నీ పొదుపు నాకు రిజెక్షన్ అవుతుంది.

అమ్మాయి: ఆరేదాకా ఆపమనడం లేదు. పారే నీళ్లకు ముందు, నీళ్లు కదలని తొట్టి ఒకటి పెట్టండి. నికెల్ తొట్టిలోని ద్రావణం 55 డిగ్రీల దగ్గర నడుస్తుంది, ఆవిరై మట్టం దిగుతుంది. ఆ లోటును ఈ నీళ్లతో నింపితే పోయిన నికెల్ తిరిగొస్తుంది.

బాబాయి: దాంతోపాటు రాగీ, ఇనుమూ తిరిగొస్తాయి. మెరుపు మసకబారితే?

అమ్మాయి: ఆ భయం నిజమే. అందుకే అప్పుడప్పుడు తక్కువ కరెంటులో డమ్మీ ప్లేట్లు, అంటే సామాను బదులు ఉత్త రేకులు వేలాడదీయాలి, రాగి వాటికి పట్టేస్తుంది. ఇనుముకు పెరాక్సైడ్ వేసి వడకట్టాలి.

బాబాయి: ఆ పూట పని ఆగుతుందిగా.

అమ్మాయి: రిజెక్టయిన సామానుకు ఆగడం లేదా? పూత ఊడదీయడానికి యాసిడ్, మళ్లీ పాలిష్, మళ్లీ నికెల్. ఒక్క పీసుకు రెండింతల మురుగు. క్రోమ్ తొట్టిలో ఉన్నది క్యాన్సర్ తెచ్చే రకం. బైసల్ఫైట్ వేసి హాని తక్కువ రకంగా మార్చి, సున్నంతో అడుక్కి దింపినా మిగిలే బురద ప్రమాదకర వ్యర్థమే. అలాంటి వ్యర్థాలు తీసుకునే దుండిగల్ కేంద్రానికి పంపడానికీ మీరే కట్టాలి. రోజంతా ఆ ఆవిర్ల దగ్గర నిలబడేది మన మనుషులు.

బాబాయి: నాకు తెలియదా తల్లీ! డబ్బేది? మనలాంటి చిన్న షాపుల బిల్లు పార్టీలు 45 రోజుల్లో చెల్లించాలంటుంది చట్టం. గట్టిగా అడిగితే మరుసటి ఆర్డరు పక్క షాపుకు పోతుంది. క్వాలిటీ కావాలంటారు, శుభ్రత కావాలంటారు, రేటు మాత్రం పాతదే.

అమ్మాయి: అది అన్యాయమే, దాని మీద మీతో వాదించను. కానీ ఒక ప్లాస్టిక్ తొట్టికి వాళ్ల బిల్లు కోసం ఆగక్కర్లేదు. జెడ్‌లో మొదటి మెట్టయిన బ్రాంజ్ సర్టిఫికెట్ ఫీజు కూడా పదివేలే, మన సైజు షాపుకు అందులో 80 శాతం ప్రభుత్వమే భరిస్తుంది.

బాబాయి: సరే, తొట్టి పెడదాం. నెల రోజులు రిజెక్షన్ లెక్క నువ్వే రాయాలి. పెరిగిందా, తీసేస్తా.

అమ్మాయి: అయితే నికెల్ కొన్న బిల్లులూ నాకే ఇవ్వండి.