తాళాల గుత్తి గారికి ఒక తాళాలవాడి లేఖ

మహారాజశ్రీ తాళాల గుత్తి గారి దివ్య సముఖమునకు,

నేను విజయనగరం గంటస్తంభం దగ్గర చిన్న దుకాణంలో డూప్లికేట్ తాళం చెవులు చేసుకుని బతికేవాణ్ణి. మా నాన్న ముప్పయ్యేళ్ళు మిమ్మల్ని ఆకురాయితో అరగదీశాడు. నేను మిషను మీద కోస్తున్నాను. మీ పుట్టుక, మీ బరువు, మీ లోపల ఏముందో అన్నీ తెలిసినవాణ్ణి. అది చాలదన్నట్టు నాకు ఫిట్స్ కూడా ఉన్నాయి. రెండు విధాలా మీవాణ్ణే కాబట్టి, మీకు ఉత్తరం రాసే హక్కు ఈ చుట్టుపక్కల నాకున్నంతగా ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

మీ ఘనత సామాన్యమైనది కాదు. బజార్లో ఎవరైనా విరుచుకుపడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే మొదట వినబడే కేక, "బేగి తాళాలు పట్రండి!" డాక్టరు మాట ఆ తర్వాతెప్పుడో వస్తుంది. గట్టు తగాదా పడి పదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ ఒక్క నిమిషం ఒకరి తాళాలు ఒకరు అందించుకుంటారు. పంచాయతీ పెద్దలు చేయలేని పని మీరు చేశారు. ఒప్పుకుంటాను.

నా మొదటి ఫిట్ సంగతి మీకు గుర్తుందో లేదో. అప్పుడు నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవులని నాన్న దుకాణంలో కూర్చోబెట్టి, పాత తాళం చెవులు వేరు చేయమన్నాడు. బీరువావి ఒక డబ్బాలో, సైకిలువి ఒక డబ్బాలో. రెండు గుప్పిళ్ళ నిండా మీరే. ఒళ్ళో మీరే. చుట్టూ మీ జాతివాళ్ళు తక్కువలో తక్కువ రెండొందల మంది. ఆ కుప్ప మధ్యలో కూర్చున్నవాణ్ణి అలాగే పక్కకి ఒరిగిపోయాను. ఎదురుగా కొబ్బరికాయలమ్మే ఆవిడ చూసి, "ఓలమ్మో, గుంటడి సేతిలో ఇనప ముక్కెట్టండి!" అని అరిచిందట. ఎవరో పరుగెత్తుకొచ్చి, నా చేతిలో ఉన్న తాళాలు లాగేసి, తన తాళాలు పెట్టాడట.

ముందు నుంచీ చేతిలో ఉన్నవి ఏం చేస్తున్నట్టో ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

ఇంకో గుట్టు కూడా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. మీలో చాలామంది అసలు ఇనుమే కాదు. నేను కోసే చెవుల్లో ఎక్కువ భాగం ఇత్తడి, పైన నికెల్ పూత. ఇనుము తగిలితే గాలి పారిపోతుందని జనం పెడుతున్నది ఇత్తడి. గాలికి కూడా లోహాల తేడా తెలియదని సరిపెట్టుకుందామా?

ఆ రోజు రెండు నిమిషాల్లో నేను నిమ్మళించానట. 'నట' అని ఎందుకంటున్నానంటే, సరిగ్గా ఎంతసేపో ఒక్కరూ చూడలేదు. దుకాణం ఉన్నది గంటస్తంభం కింద. తలెత్తితే గడియారం. అయినా అందరూ జేబులే చూసుకున్నారు. తర్వాత డాక్టరు గారు మొదట అడిగింది అదే: "ఎంతసేపు వచ్చింది? అయిదు నిమిషాలు దాటిందా?" నాన్న తెల్లమొహం వేసి, "తాళాలెట్టగానే తగ్గిందండి" అన్నాడు. ఆయన పెన్ను కింద పెట్టి నవ్వాడు. ఫిట్ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుందని, తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైం ఎలాగూ అయిపోతుందని చెప్పాడు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ మీకు మేనత్త కావాలి.

మీ చుట్టాల గురించి కూడా రెండు ముక్కలు. ముక్కు దగ్గర పెట్టే ఉల్లిపాయ అమాయకురాలు. చెప్పు వాసన చూపించేవాళ్ళ మీద నాకు కోపం ఉంది గానీ, దానివల్ల ప్రాణం పోలేదు, పరువే పోయింది. చెంచా మాత్రం దుర్మార్గుడు. నాలుక మింగేస్తానని బళ్ళో ఎవరో నా పళ్ళ మధ్య స్టీలు చెంచా దూర్చారు. నాలుక ఎవరూ మింగలేరు, అది కింద అతుక్కునే ఉంటుంది. నా ముందు పన్ను మాత్రం సగం విరిగింది. ఈ ఉత్తరం చదివి ఎవరైనా వస్తే చూపిస్తాను.

చూశారా, ఇంతదాకా మిమ్మల్ని ఒక్క గట్టి మాట అనలేదు. మీరు చేతిలో పడి ఉంటే నష్టమేమీ లేదనే నేనూ చాలాకాలం అనుకున్నాను. 2003 రథసప్తమి దాకా.

అప్పటికి రోజుకి రెండు మాత్రలు, పొద్దున్నొకటి రాత్రొకటి. వేసుకుంటున్నంత కాలం ఫిట్ లేదు. ఏడాదిన్నర దాటింది. కానీ చెల్లికి సంబంధాలు చూడ్డం మొదలైంది. "ఈ మాత్రలు ఎవులి కంటా పడకూడదు, అన్నకుంటే చెల్లికీ ఉంటాదంటారు" అని అమ్మ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళం అమ్మ నడుముకుండే గుత్తిలో, అంటే మీ దగ్గర. పూటపూటకీ అమ్మ చుట్టూ చూసి, తలుపు దగ్గరకేసి, బీరువా తీసి మాత్ర చేతిలో పెట్టేది. దొంగబంగారం పంచుకున్నట్టుండేది మా వ్యవహారం.

హిందూ వివాహ చట్టంలో పదేపదే మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి పనికిరారనే మాట 1976లో చేర్చారు. 1999లో కొట్టేశారు. అంటే ఢిల్లీవాళ్ళు తాళం తీసిన నాలుగేళ్ళకి మా ఇంట్లో తాళం పడింది.

రథసప్తమికి అమ్మ శ్రీకాకుళంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. అరసవల్లి దర్శనానికి. మొక్కు నా పేరునే. నాకు ఫిట్స్ పూర్తిగా పోవాలని అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడింది. నడుముకి మీరున్నారు. విజయనగరంలో బీరువా మూసి ఉంది, లోపల నా మాత్రలు. మూడు రోజులు. అడగొచ్చు కదా అంటారు. తాళాలు కోసేవాడి కొడుకుని, ఆ బీరువాకి ఇంకో చెవి చేసుకోవడం నాకు పది నిమిషాల పని. చేయలేదు. ఏడాదిన్నరగా రాలేదు కదా, ఇంక రాదులే అనిపించింది. ఈ తప్పు మీది కాదు, నాదే. మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్ ఎంత గట్టిగా తిరిగొస్తుందో అప్పటికి నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున్న వీధి గుమ్మంలో పడ్డాను. ఈసారి రెండు నిమిషాల్లో ఆగలేదు. అప్పటికింకా మనకి 108 లేదు, అది 2005లో వచ్చింది. పక్కింటి ఆటో అతను మంచివాడు, వెంటనే పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, అందరూ చేసే పనే చేశాడు. తన ఆటో తాళం చెవి నా చేతిలో పెట్టాడు. నా పిడికిలి బిగుసుకుపోయింది. ఇంతలో నాన్న, "ఒరే, ఆటో తియ్యి, ఆసుపత్రికెళ్దాం!" అన్నాడు.

ఎలా తీస్తాడు? ఆటో కదలాలంటే నా పిడికిలి విప్పాలి. నాన్న ఒకవైపు, ఆటో అతను ఒకవైపు, ఇద్దరూ కలిసి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నారట. వీధంతా చూస్తోంది. ఒక పెద్దాయన, "తియ్యకండిరా, అదే ఆపుతోంది" అని కూడా అన్నాడట. నాకు పనికొచ్చే తాళం అరసవల్లిలో, ఆటోకి పనికొచ్చే తాళం నా పిడికిట్లో. ఆ పూట మీ పరిపాలన అలా సాగింది.

బతికాను, అందుకే రాస్తున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ అమ్మని కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. ఇది మెదడులో కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పడమేనని, గాలీ ధూళీ కాదని చెప్పింది. నోటి నురగ వల్ల అంటదని, కలిసి తింటే రాదని చెప్పింది. పుట్టినప్పుడు తలకి దెబ్బ తగిలినా, మెదడువాపు జ్వరం వచ్చినా, సరిగ్గా కడగని కూరల వల్ల బద్దెపురుగు గుడ్లు లోపలికెళ్ళినా రావచ్చట. చాలామందికి కారణమే దొరకదట. సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చంది. అమ్మ అంతా విని, "మరి అమ్మాయి పెళ్ళి?" అంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

చెల్లి పెళ్ళి అయింది లెండి. మాత్రలు డైనింగు బల్ల మీద ఉండగానే అయింది. ఒక సంబంధం పోయింది, ఇంకొకటి నిలబడింది. నిలబడిన బావగారికి జాంటీ రోడ్స్ అంటే పిచ్చి. 1992 ప్రపంచకప్‌లో గాల్లో ఎగిరి ఇంజమామ్‌ని రనౌట్ చేసిన ఆ మనిషికీ మూర్ఛ ఉందని మొదట నాకు చెప్పింది ఆయనే. నేను ఎగరలేదు గానీ ఆ రోజంతా కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను. బండి మాత్రం నడపను. లైసెన్సు ఫారంలోనే ఆ ప్రశ్న ఉంటుంది. వందల బళ్ళకి చెవులు కోశాను, సరిపోయిందో లేదో చూడ్డానికి తిప్పడమే తప్ప ఒక్కదాని మీదా ఎక్కి వెళ్ళలేదు.

ఇక మొన్న సిరిమాను పండగనాడు మీరు చేసిన ఘనకార్యం. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇసకేస్తే రాలని జనం. నా ముందున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పడిపోయాడు. కళ్ళు మూసి తెరిచేలోపు పది గుత్తులు దిగాయి. బైకు తాళాలు, దుకాణం షట్టరు తాళాలు, చెక్కముక్కకి కట్టిన లాడ్జి గది తాళం. ఒకాయన కారు రిమోటు పెట్టాడు. కుర్రాడి వేళ్ళు బిగుసుకునేసరికి పక్క సందులో ఏదో కారు కుయ్యో కుయ్యోమని ఏడవడం మొదలుపెట్టింది. అందరిలోకీ దానికే కాస్త బుద్ధుందనిపించింది, కనీసం సాయం కోసం అరిచింది.

"తాళాలు జేబులో ఎట్టుకోండి, ఫోన్లు తియ్యండి. వీడియోకి కాదు, టైం చూడ్డానికి" అన్నాను. తుండు మడిచి తల కింద పెట్టాను. కాలరు గుండీ తీశాను. చేతులు అదిమిపట్టిన ఇద్దర్ని వదిలేయమని, మెల్లగా పక్కకి తిప్పి పడుకోబెట్టాను, నురగ బయటికి పోయేలా. బజ్జీల బండి నుంచి గరిటె వచ్చింది, వెనక్కి పంపాను. నీళ్ళు కూడా వచ్చాయి, పూర్తిగా తెలివొచ్చేదాకా గుక్క కూడా వద్దన్నాను. అయిదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి కొట్టమని ఒకతన్ని తయారుగా నిలబెట్టాను. అవసరం పడలేదు. నిమిషం యాభై సెకన్లు. నా జీవితంలో మొదటిసారి ఒక ఫిట్‌కి లెక్క దొరికింది.

కాసేపటికి కుర్రాడు లేచి కూర్చున్నాడు. మొదట అడిగింది నీళ్ళు కాదు, చెప్పులు కాదు. "అన్నా, మా ఊరోళ్ళెవులైనా సూసీసినారేటి?"

చూడలేదురా అన్నాను. చూశారో లేదో నాకేం తెలుసు.

అందుచేత మీకు నా విన్నపం ఒకటే. మీరు చేతుల్లోకి రావడం మానేయండి. మీ ఉద్యోగం తలుపుల దగ్గర ఉంది, అది చేసుకోండి. బీరువాల్లో బంగారం దాచండి, చీరలు దాచండి, పొలం కాగితాలు దాచండి. మాత్రలు దాచమంటే మాత్రం దయచేసి మొరాయించండి. మొరాయించడం మీకు కొత్తేమీ కాదు, వానాకాలమంతా నా దుకాణానికి వచ్చే బేరం అదే.

రాత్రి ఎనిమిదయింది. మాత్ర వేసుకోవాలి. షట్టరు పక్కన మేకుకి, మీవాళ్ళు వేలాడే చోటే నా మాత్రల చీటీ వేలాడుతోంది. బేరానికొచ్చినవాళ్ళు అదేంటని అడిగితే చెబుతాను.

ఇట్లు,
గంటస్తంభం దగ్గర, డూప్లికేట్ తాళాలు అరగంటలో

తా.క.: ఆ రోజు వేళ్ళు విప్పే హడావుడిలో ఆటో తాళం చెవి వంగిపోయింది. ఎలాగో తిప్పి ఆసుపత్రిదాకా లాక్కొచ్చాడు గానీ, మర్నాటికి అది స్టార్ట్ కాలేదు. నాన్న కొత్తది చేసిచ్చి డబ్బులు తీసుకోలేదు. వంగినది ఇంకా నా డ్రాయరులో ఉంది, కావాలంటే వచ్చి మీవాణ్ణి తీసుకెళ్ళండి.