కణితిలో ఆక్సిజన్ కొలవకుండానే మందును తప్పుపట్టారు

కణితిలో ఆక్సిజన్ తక్కువైతే రేడియేషన్ సరిగా పనిచేయదన్నది కొత్త కబురేం కాదు. 1955లోనే థామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశారు. రక్తనాళాల నుంచి మిల్లీమీటరులో ఐదో వంతు దూరం పోకముందే కణాలు చచ్చిపడి ఉన్నాయి. బతికిన కణాలకూ చచ్చిన కణాలకూ మధ్య, కొనఊపిరితో నెట్టుకొచ్చే పొర ఒకటుంటుంది. గొడవంతా దానితోనే. రేడియేషన్ డీఎన్‌ఏకు చేసిన గాయం మానకుండా చూసేది ఆక్సిజనే. అది లేనిచోట కణం గాయం మాన్పుకొని లేచి కూర్చుంటుంది. దాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. కీమో కూడా రక్తం వెంటే పోవాలి కాబట్టి, రక్తం అందని మూలకు అదీ అంతంతమాత్రంగానే చేరుతుంది.

ఇంత తెలిసీ దీన్ని చికిత్సలో ఎందుకు లెక్కలోకి తీసుకోరు? "ప్రయత్నించాం, కుదరలేదు" అన్నది తరచూ వినబడే జవాబు. నేనొప్పుకోను. చాలాసార్లు తప్పు మందుది కాదు, దాన్ని పరీక్షించిన తీరుది.

టిరాపజమైన్ సంగతే చూడండి. ఆక్సిజన్ లేనిచోటే విషంగా మారే మందు అది. తల, మెడ క్యాన్సర్ల మీద 861 మందితో పెద్ద ట్రయల్ చేసి, లాభం లేదని 2010లో తేల్చారు. మందు అటకెక్కింది. ఎవరి కణితిలో ఆక్సిజన్ తక్కువో చూసి ఆ రోగులను ఎంచుకున్నారా అంటే, లేదు! 2006లో వెలువడిన ఓ చిన్న అధ్యయనంలో 45 మందికి, కణితిలో ఆక్సిజన్ తక్కువుంటే పట్టిచ్చే పెట్ స్కాన్ తీసి చూశారు. ఆక్సిజన్ తక్కువున్నవారిలో ఈ మందు తీసుకున్నది 19 మంది, జబ్బు అదుపు తప్పింది ఒక్కరికే. వారిలోనే వేరే కీమో తీసుకున్న 13 మందిలో ఎనిమిది మందికి అదుపు తప్పింది. చిన్న లెక్కే, కాదనను. కానీ ఎవరిని వెతకాలో చెప్పడానికి ఆ మాత్రం చాలు.

రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అనుమతి వచ్చింది, వెంటే ఆ మందు గురిపెట్టే హెర్2 అనే ప్రొటీన్ కణితిలో ఎంతుందో చూసే పరీక్షా వచ్చింది. హెర్2 ఎక్కువగా ఉండేది సుమారు ఐదుగురిలో ఒకరికి. ఆ పరీక్ష లేకుండా అందరికీ ఎక్కించి సగటు తీసి ఉంటే, అంత గొప్ప మందూ పనికిరానిదిగానే మిగిలేది. అదే 1998లో డెన్మార్క్ వైద్యులు ఆక్సిజన్ అందని కణాలనూ రేడియేషన్‌కు లొంగేలా చేసే నిమొరజోల్ అనే పాత మందు ఫలితాలు ప్రకటించారు. రేడియేషన్‌తో కలిపి ఇస్తే, ఐదేళ్ల తర్వాత గొంతు క్యాన్సర్ అదుపులో ఉన్నవారు 33 శాతం నుంచి 49 శాతానికి పెరిగారు. డెన్మార్క్ దాన్ని మామూలు చికిత్సలో చేర్చుకుంది. మిగతా ప్రపంచం చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకుంది. పాత, చవక మందు కోసం కాళ్లరిగేలా తిరిగే మెడికల్ రెప్ ఎవరుంటారు?

కొలవడం తేలిక కాదనేవారి మాటలో న్యాయం ఉంది. కణితిలోకి సూది దించాలి, లేదా ఖరీదైన స్కాన్ తీయాలి. పైగా ఆక్సిజన్ గంటగంటకూ మారుతుంటుంది. టిరాపజమైన్ ట్రయల్‌లో కొన్నిచోట్ల రేడియేషనే సరిగా ఇవ్వలేదని కూడా బయటపడింది. బ్రిటన్‌లో ఆక్సిజన్ తక్కువున్న కణితులేవో జన్యు పరీక్షతో తేల్చి మరీ చూసినా నిమొరజోల్‌తో లాభం కనబడలేదు. సరే, అడగాల్సిన ప్రశ్న అడిగారు, లాభం లేదని జవాబు వచ్చింది. ఆ ఓటమిని నేను ఒప్పుకుంటాను. ప్రశ్నే అడగకుండా ప్రకటించిన ఓటమిని మాత్రం కాదు.

నిజానికి ఇది ఒక్క ఆక్సిజన్ గొడవే కాదు, సగటు మీద వైద్యానికున్న మోజు. ఒకే స్టేజీ, ఒకే సైజు ఉన్న రెండు కణితులకు ఒకే ప్రొటోకాల్ రాసేస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఆక్సిజన్ తక్కువున్న రోగుల ఫలితాలు ఆపరేషన్ చేసినా నాసిగానే ఉన్నాయని 1996లోనే జర్మనీలో చూపించారు. అంటే రేడియేషన్ పనిచేయకపోవడం ఒక్కటే కాదు, జబ్బు స్వభావమే వేరు. ఇప్పుడు ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ వంతు. ఆక్సిజన్ లేనిచోట, క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలైన టీ కణాలు నీరసపడతాయని ల్యాబుల్లో పదేపదే చూశారు. అయినా ట్రయల్‌లో చేర్చుకునేటప్పుడు వయసు అడుగుతారు, స్టేజీ అడుగుతారు, కిడ్నీ రిపోర్టు అడుగుతారు. కణితిలో ఆక్సిజన్ ఎంతుందన్నది మాత్రం చాలాచోట్ల ఇంకా ఎవరూ అడగరు.