ఆలోచనకు వర్క్‌షాపు కావాలి

పోచంపల్లి పట్టుచీర మగ్గం ఎక్కేముందు ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, దానికెదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కొక్క మేకుకు తగిలించుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. భుజాలు పట్టేసినా, మోచేతులు వాచినా మర్నాడు మళ్లీ కూర్చోవాల్సిందే. చీర కట్టుకున్నవారికి ఈ నొప్పి కనిపించదు. నేసేవారి ఇళ్లలో తరాలుగా దాన్ని ఎవరూ సమస్య అనుకోలేదు.

ఆలేరు దగ్గరి శారాజిపేటలో ఆరో తరగతితో చదువు ఆపేసిన చింతకింది మల్లేశం అనుకున్నారు. తల్లి లక్ష్మి పడుతున్న బాధ చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం పని మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. గంటన్నరలో ఒక చీరకు ఆసు పోసే ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

అందరికీ తెలిసిన ఈ కథను ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఆ పద్మశ్రీ కాదు, మధ్యలో గడిచిన ఏడేళ్లు. అప్పు చేసి తెచ్చిన సామాన్లు పనికిరాకుండా పోయాయి. ఊళ్లో వేళాకోళం చేశారు. చివరికి పని ఆగిపోయి, పొట్టకూటికి హైదరాబాద్ చేరారు. అక్కడ బాలానగర్‌లోని ఒక పరిశ్రమలో ఏదో యంత్రం కదలికను చూశాకే తన యంత్రంలో చిక్కుపడిన చివరి ముడి విడిపోయింది. అంటే ఆయనకు కావాల్సిన జవాబు ఊరికి రెండు మూడు గంటల దూరంలోనే ఉంది. దాన్ని ఆయనకు చూపించింది ఏ పథకమో, ఏ అధికారో కాదు. వలస చూపించింది. భువనగిరిలోనో ఆలేరులోనో సాయంత్రం పూట వెళ్లి కూర్చోగల ఒక వర్క్‌షాపు, అడిగితే చెప్పే ఒక ఫిట్టర్ ఉండి ఉంటే ఆ ఏడేళ్లలో ఎన్ని మిగిలేవో!

ఇప్పుడు మళ్లీ దారి తెలియక తడుముకునే అలాంటి కాలమే వచ్చింది, ఈసారి అందరికీ కలిపి. కృత్రిమ మేధ వల్ల ఏ ఉద్యోగం ఉంటుందో ఏది ఊడుతుందో తెలియని టెన్షన్ ఇంటింటా ఉంది. 2025 జూలైలో ఐటీ సంస్థ టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించినప్పుడు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి అమెరికాలోని మనవాళ్ల దాకా అందరూ ఉలిక్కిపడ్డారు. చెప్పింది చెప్పినట్టు చేయడం ఇన్నాళ్లూ మన పిల్లలకు అన్నం పెట్టిన నైపుణ్యం. ఆ పనిని యంత్రం ఎక్కువ చౌకగా చేసేస్తోంది. అందుకే ప్రతి వేదిక మీదా, ప్రతి స్నాతకోత్సవంలోనూ ఇప్పుడు ఒకటే ఉపదేశం: కొత్తగా ఆలోచించండి. ఎక్కడ కూర్చుని, ఏ పనిముట్టుతో, ఎవరి డబ్బుతో అన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేం అనడం లేదు. హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌లకు చోటు, సాయం ఇచ్చే టీ-హబ్ మొదలైంది. 2022లో కొత్త భవనంలోకి మారింది. 2023లో వస్తువుల నమూనాలు తయారు చేసుకునే టీ-వర్క్స్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. ప్రపంచ ఆవిష్కరణల సూచీలో 2015లో 81వ స్థానంలో ఉన్న మన దేశం 2025 నాటికి 38కి వచ్చింది. సంతోషమే. అయితే పరిశోధన, అభివృద్ధిపై దేశం పెడుతున్న ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో (జీడీపీ) 0.64 శాతం దగ్గరే ఉండిపోయింది. ఈ హబ్‌లలోకి అడుగుపెట్టాలంటే ముందు పీపీటీ కావాలి, అదీ ఇంగ్లీషులో. మల్లేశం 1995లో తన సగం యంత్రాన్ని మోసుకుని ఇలాంటి భవనం గేటు దగ్గరకు వస్తే సెక్యూరిటీ గార్డు ఏమనేవాడో ఊహించుకోవచ్చు. నిజమైన యంత్రాలున్న టీ-వర్క్స్ వీటిలో కాస్త వేరు, కానీ అది రాయదుర్గంలో ఉంది. ఆదిలాబాద్ మెకానిక్ దాన్ని చేరాలంటే మూడు వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి, రెండు రోజుల కూలి వదులుకోవాలి.

తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో తెలుగునాట రుజువైంది కూడా. హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే, డబ్బున్నవాళ్లే వేయించుకోవాలన్న రోజుల్లో, 1993లో, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. టీకా ఆయన రంగమే కాదు. ఇక్కడి బ్యాంకులు నమ్మలేదు. పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. అయినా ఆ ప్రయత్నం నిలబడిందంటే మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత హైదరాబాద్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తమ ప్రయోగశాలల్లో చోటిచ్చాయి కాబట్టి. 1997లో టీకా మార్కెట్లోకి వచ్చింది, దిగుమతి ధరలో చిన్న భాగానికి. ప్రజల డబ్బుతో కట్టిన ల్యాబుల్లో ఒక బయటి మనిషికి కొన్ని బల్లలు ఖాళీ చేసి ఇచ్చినందుకు దేశానికి దక్కిన ప్రతిఫలం అది. ఈ రోజు మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని అలా బయటివారిని రానిస్తాయి? పరికరం పాడైతే ఎవరు బాధ్యులన్న ప్రశ్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

బడుల సంగతి ఇంకా విచిత్రం. అటల్ టింకరింగ్ ల్యాబులని కేంద్రం 2016 నుంచి దేశంలో సుమారు పది వేల పాఠశాలలకు, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పింది. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, మోటార్లు వచ్చాయి. శ్రద్ధ ఉన్న ఒక్క టీచరు దొరికిన చోట పిల్లలు అద్భుతాలు చేస్తున్నారు. మిగతా చోట్ల ఆ గది తనిఖీ రోజున తెరుచుకుంటుంది. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. పిల్లవాడు మోటారు విప్పి మళ్లీ బిగించినందుకు మార్కులు లేవు, విరగ్గొడితే సంజాయిషీ మాత్రం ఉంది. ఇంటర్‌కు వచ్చేసరికి అదీ పోయి, ఉదయం నుంచి రాత్రి దాకా బిట్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకులు. ఒక లెక్కను రెండో పద్ధతిలో చేసిన పిల్లవాడికి సున్నా వేసే వ్యవస్థ, అదే పిల్లవాడు ఇంజినీరింగ్ పూర్తి చేశాక స్టార్టప్ పెట్టాలని ఆశిస్తోంది.

గ్రామీణ ఆవిష్కర్తల్ని ‘జుగాడ్’ (ఉన్నదాంతో పని కానిచ్చే ఉపాయం) పేరిట మెచ్చుకోవడం ఈ మధ్య ఫ్యాషనైంది. పేదవాడి తెలివిని పొగడటానికి ఖర్చేమీ లేదు. గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు మల్లేశం వంటివారిని వెతికి, పేటెంటు దాకా తోడు నిలిచాయి కాబట్టి ఆ పనికి విలువ దక్కింది. ఎవరూ వెతకని చోట అది వాట్సాప్ వీడియోగా మొదలై వాట్సాప్ వీడియోగానే ముగుస్తోంది.

తయారైన వస్తువు కొనే దగ్గరా ఇదే తంతు. ప్రభుత్వాన్ని మించిన కొనుగోలుదారు మన రాష్ట్రాల్లో లేడు. ఆస్పత్రి పరికరాల నుంచి పంపుసెట్ల దాకా అన్నీ కొంటుంది. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నిబంధనలు, నాణ్యత సరిగా ఉంటే అంకుర సంస్థలకు (స్టార్టప్‌లకు) అనుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చని చెప్పాయి. సడలించవచ్చు అన్నారు కానీ సడలించి తీరాలనలేదు. పాత కంపెనీ నుంచి పాత సరుకు కొన్న అధికారిని ఎవరూ అడగరు. కొత్త కుర్రాడి పరికరం కొని అది మొరాయిస్తే ఆడిట్, విజిలెన్స్, పేపర్లో వార్త. ఆ వార్త రాసేవాళ్లలో మేమూ ఉంటాం. నిజాయతీగా చేసిన ప్రయోగం విఫలమైతే అధికారికి రక్షణ కల్పిస్తూ, ఏటా ప్రతి శాఖ కొనుగోళ్లలో చిన్న భాగాన్ని కొత్తవాటి కోసం విడిగా పెట్టాలి. ఆ ఖాతాలో కొన్ని నష్టాలు రావడం సహజమని ముందే రాసుకోవాలి.

దాదాపు ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వాటిలో లేత్‌లు, వెల్డింగ్ సెట్లు, డ్రిల్లింగ్ మెషిన్లు సాయంత్రం ఐదు గంటలకు తాళంలోకి వెళ్లిపోతాయి. రెండు రాష్ట్రాలూ రానున్న విద్యా సంవత్సరం నుంచే, జిల్లాకు కనీసం ఒకచోట, రాత్రి తొమ్మిది దాకా వీటిని బయటివారికి తెరవాలని మా సూచన. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, శిలాఫలకం అంతకన్నా అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, రిటైరైన ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు గౌరవ వేతనం, కరెంటు బిల్లు, సామాన్ల కోసం మనిషికి పాతిక వేల రూపాయల లోపు సాయం చాలు. ఆ సాయం ఇచ్చే అధికారం ప్రిన్సిపాల్‌కే ఉండాలి. పాతిక వేల కోసం ఫైలు సచివాలయం దాకా వెళ్లకూడదు.