కుర్చీకి ముంచుకొస్తున్న ముప్పు

బెజవాడకి ఎండలు కొత్త కాదు. బెంజి సర్కిల్ ట్రాఫిక్ కొత్త కాదు. రాత్రి ఒక పార్టీలో పడుకుని పొద్దున్నే ఇంకో పార్టీలో నిద్రలేచే నాయకులు అసలే కొత్త కాదు. వీటన్నిటినీ మనం కూర్చునే భరించాం. ఇప్పుడొచ్చిన ప్రమాదం అలాంటిది కాదు. ఇక్కడ పటమట, మొగల్రాజపురం, అక్కడ గుంటూరులో బ్రాడీపేట, లక్ష్మీపురం, ఎటు చూసినా మందుల షాపు పైన ఒక జిమ్. అందులో చేరినవాళ్లు చేతులూ ఛాతీ పెంచుకుంటే పోనీలే, కుర్రతనం అనుకోవచ్చు. వీళ్లు పిర్రలు బలపరుచుకుంటున్నారు. అదీ కొవ్వు తగ్గించుకుంటూ! ఈ రెండూ ఒకేసారి జరిగితే కూర్చునే వర్గం గతేం కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు కాస్త శరీరశాస్త్రం. మనం దిండుగా భావించి, దిండుకిచ్చే గౌరవమే ఇస్తూ వచ్చిన ఆ భాగంలో ఒక్కో వైపు మూడు కండరాలున్నాయి. పైనున్న గ్లూటియస్ మాగ్జిమస్ మనిషి ఒంట్లోకెల్లా పెద్ద కండరం. దాని కింద మీడియస్, ఇంకా లోపల మినిమస్. పెద్దదాని ఉద్యోగం తొడని వెనక్కి నెట్టడం. అంటే కూర్చున్నవాణ్ణి లేపడం, మెట్లెక్కించడం, పరిగెత్తించడం. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మనం దేని మీద కూర్చుంటున్నామో దాని అసలు పని మనల్ని లేపడమట! ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? ఇక పక్కనుండే మీడియస్ డ్యూటీ ఏమిటంటే, ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము ఒక పక్కకి ఒరిగిపోకుండా కాయడం. నడకలో ప్రతి అడుగూ ఒంటికాలి వ్యవహారమే కనుక నడిచినంతసేపూ దానికి పనే. మన వర్గంవాళ్లు ఒంటికాలి మీద నిలబడేది ప్యాంటు తొడుక్కునేటప్పుడు మాత్రమే. దానికి బీరువా ఉంది.

ఈ కండరాల్ని అదుపులో పెట్టడానికి మన ముందు తరాలు ఎంత శ్రమపడ్డాయో ఈ కుర్రకారుకి తెలియదు. ఒకప్పుడు పెళ్లిలో పంక్తి వేస్తే అందరూ నేల మీదే, బాసింపట్టు. భోజనమయ్యాక డెబ్భై ఏళ్ల ముసలమ్మ కూడా ఎక్కడా చెయ్యి ఆన్చకుండా లేచిపోయేది. దొడ్డికెళ్తే గొంతుక్కూర్చోవాలి. పిండి రుబ్బాలంటే రోటి దగ్గరికి వంగాలి, కూర్చోవాలి, లేవాలి. ఆ అనాగరికతని ఒక్కొక్కటిగా వదిలించుకున్నాం. టేబుల్ వచ్చింది, కమోడ్ వచ్చింది, గ్రైండర్ వచ్చింది, ఫోన్ నొక్కితే బిర్యానీ గుమ్మంలోకి వచ్చింది. ఇవాళ సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులు, టీపాయ్ అంచు, పైకి వినపడేలా ఒక 'అమ్మా' కావాలి. ఇంత దూరం వచ్చాక మళ్లీ మొదటికి రమ్మంటే ఎలా?

మొన్న మా వీధి చివరి జిమ్‌కి వెళ్లాను. చేరడానికి కాదు, నిజనిర్ధారణకి. మా అపార్ట్‌మెంటులోనే ఉండే ఒకావిడ కనిపించింది. బ్యాంకులో ఉద్యోగం, నలభై దాటి ఉంటాయి. బల్లకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. రెండు వైపులా ఇనప ప్లేట్లు తగిలించిన కడ్డీని కాళ్ల మీదుగా దొర్లించి తుంటి దగ్గరికి తెచ్చుకుంది. ఎముకకి ఒత్తుకోకుండా కడ్డీకి మందపాటి స్పాంజి తొడుగు. పాదాలు నేలకి అదిమి, గడ్డం గుండెకేసి వంచి, నడుము పైకి లేపింది. మోకాళ్ల నుంచి భుజాల దాకా ఒళ్లంతా ఒక్క గీతలోకి వచ్చింది. అక్కడ ఒక్క క్షణం బిగబట్టి, తొందరేమీ లేనట్టు మెల్లగా దించింది. దీన్ని హిప్ థ్రస్ట్ అంటారట. పక్కన కోచ్ కుర్రాడు "నడుము వంపు తిరుగుతోంది మేడమ్, పక్కటెముకలు దించండి, పిర్రలు బిగించండి" అని హాలంతా వినపడేలా చెప్తున్నాడు. ఒక్కరూ తల తిప్పలేదు. సమాజం తరఫున సిగ్గుపడే బాధ్యతంతా నా ఒక్కడి మీదే పడింది.

"ఏమ్మా, ఆడవాళ్లు ఇంతింత బరువులెత్తితే కండలు వచ్చేయవూ?" అని పెద్దరికంగా అడిగాను.

"రావాలనే కదా బాబాయ్‌గారూ ఎత్తేది" అంది ఆవిడ, కడ్డీకి ఇంకో చిన్న ప్లేటు తగిలిస్తూ.

దీనికంతటికీ మూలం ఎక్కడుందో నాకు తెలుసు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. ఆ రోజు మనమంతా చప్పట్లు కొట్టాం. కూర్చునే కొట్టాం. చూసి చప్పట్లు కొట్టాల్సిన దాన్ని ఇన్నేళ్లకి జనం చేసి చూస్తారని ఎవరనుకున్నారు?

నన్ను మరీ బాధించింది ఇంకొకటి. వీళ్లు రోజూ చచ్చేలా కష్టపడతారు కాబోలు, ఎన్నాళ్లు చేస్తారులే అని ధైర్యంగా ఉన్నాను. కాదట. పిర్రలకి వారానికి రెండు మూడు రోజులు చాలట. స్క్వాట్ (మన గుంజీ లాంటిదే), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పట్టుకుని నిలబడడం), లంజ్ (ఒక కాలు ముందుకేసి కిందికి దిగడం), ఈ హిప్ థ్రస్ట్, వీటిలో మూడు నాలుగు పట్టుకుని, ఒక్కో విడతలో పదీ పన్నెండు సార్లు, చివరి రెండూ కష్టమయ్యేంత బరువుతో. ఆ తరవాత విశ్రాంతి. కండ పెరిగేది జిమ్‌లో కాదు, విశ్రాంతిలోనట. పైగా రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రపోవాలట. విశ్రాంతి, నిద్ర ఏనాటి నుంచో మన వర్గపు ఆస్తులు. వాటిని కూడా కబ్జా చేశారు. భూకబ్జాలు చూసిన జిల్లావాళ్లం కదా, అందుకే ఇంకా బతికున్నాం.

బరువు ఎత్తితే చాలదు, నెమ్మదిగా పెంచుతూ పోవాలన్నది వీళ్ల రెండో సూత్రం. ఇవాళ 20 కిలోలు హాయిగా లేస్తే వచ్చే వారం 22.5. కాదు, మా గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీల్ని చూడండి, ఏ కోచ్ ఉన్నాడు వాళ్లకి అని నేను వాదించబోయాను. 40 కిలోల పైచిలుకు మిర్చి బస్తాని, అదే టిక్కీని, పొద్దుటి నుంచి మోస్తూనే ఉంటారు. కోచ్ కుర్రాడు ఒక్క మాటన్నాడు: "వాళ్లకి మొదటి రోజే 40 కిలోలండీ. నడుము నొప్పెడుతోంది, ఇవాళ బరువు తగ్గిస్తాను అంటే మేస్త్రీ ఒప్పుకోడు." ఈ ఒక్క చోట నేను వ్యంగ్యం పక్కన పెడతాను. డబ్బు కట్టి బరువులెత్తేవాళ్లకి స్పాంజి తొడుగుంది, డబ్బు కోసం ఎత్తేవాళ్లకి తలగుడ్డ ఉంది. సరే, మళ్లీ మన గొడవలోకి వద్దాం.

కొవ్వు విషయంలో వీళ్ల మొండితనం చెప్పనలవి కాదు. పొట్ట దగ్గర కొవ్వుంటే పొట్టకే వ్యాయామం చేసి అక్కడికక్కడే కరిగించుకోవచ్చని మనం తరతరాలుగా నమ్ముతున్నాం. కుదరదట. కొవ్వు ఏ వీధిలోంచి ముందు ఖాళీ చెయ్యాలో ఒళ్లే నిర్ణయించుకుంటుందట, మన సిఫార్సు చెల్లదట. సిఫార్సు చెల్లని చోటు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒకటుందని నాకిప్పుడే తెలిసింది. నడుముకి చుట్టుకుని చెమట పట్టించే బెల్టుని కూడా కొట్టిపారేశారు. చెమట నీళ్లు, కొవ్వు కొవ్వే, నీళ్లు తాగగానే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుందన్నారు. మే నెలలో బెజవాడలో కారే చెమటంతా కొవ్వే అయితే జూన్‌కల్లా ఊళ్లో అస్థిపంజరాలు తిరుగుతుండాలి కదండీ అని ఎదురు ప్రశ్న! దీనికి సమాధానం నా దగ్గర ఉంది, తరవాత చెప్తాను.

మరి ఎలా తగ్గాలి? ఖర్చయ్యే దానికంటే రోజుకి 300 నుంచి 500 కాలరీలు తక్కువ తినాలట. అంతకంటే కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండా పోతుందట, అప్పుడు బరువులెత్తీ ప్రయోజనం లేదట. కిలో కొవ్వంటే సుమారు 7,700 కాలరీలు. రోజుకి 400 చొప్పున లెక్క వేశాను. కిలో తగ్గడానికి దాదాపు మూడు వారాలు! సంక్రాంతి మూడు రోజుల్లో అరిసెలతో, సున్నుండలతో మనం సాధించేదాన్ని రద్దు చేయడానికి నెలలు పడుతుందన్నమాట. మనది ఎంత మెరుపు ఉత్పాదకత! పైగా మొదట్లో తూకంలో తేడా కూడా పెద్దగా కనపడదట. కొత్తగా మొదలెట్టినవాళ్లకి ఒక పక్క కొవ్వు తగ్గుతూ ఇంకో పక్క కండ పెరుగుతుంది కాబట్టి కాటా కదలదు, టేపు కదులుతుంది. మనవాళ్లకి నడుము మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 80 దాటితే ప్రమాదమని హెచ్చరిక కూడా చేశారు. నాకా భయం లేదు. పెళ్లినాటి ప్యాంటు సైజే ఇప్పటికీ వాడుతున్నాను. పొట్ట కింద నుంచి కట్టుకుంటాను, అంతే.

ఇక ప్రొటీన్. మామూలు మనిషికి ఒంటి బరువులో ప్రతి కిలోకి రోజుకి 0.83 గ్రాములు చాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే, బరువులెత్తేవాళ్లు 1.6 దాకా వెళ్తారు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు. అంటే గుడ్లతోనే పూర్తి చేయాలంటే పద్దెనిమిది పందొమ్మిది కావాలి, శనివారం నాడు సంగతేమిటో ఎవరూ చెప్పరు. పప్పు తింటున్నాం కదండీ అన్నాను. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉన్న మాట నిజమే. కానీ మనింటి గరిటెలో పప్పెంత, తోటకూరెంత, పలుచన చేయడానికి పోసిన నీళ్లెంత? దాన్ని కలుపుకునే అన్నం సంగతి నేనే ఎత్తలేదు. పెసరట్టు తినండి, నూనె తగ్గించి, ఉప్మా లేకుండా అన్నాడా కుర్రాడు. ఉప్మా లేకుండా! ఈ మాట తెనాలిలో అని ప్రాణాలతో తిరిగి రాగలడేమో చూడాలి.

అంతటితో ఊరుకోలేదు. మంగళగిరివాడట, దేవుణ్ణి కూడా లాగాడు. "మా పానకాలస్వామిని చూడండి. ఎంత పోసినా సగమే తాగి సగం వెనక్కిస్తాడు. అంత బెల్లం పానకం ఎదురుగా ఉంటే సగంలో ఆపడం మీ వల్ల అవుతుందా?" అన్నాడు. ఒక్క క్షణం నోట మాట రాలేదు. తరవాత గుర్తొచ్చింది. బ్యారేజీ దాటితే ఉండవల్లి గుహలున్నాయి, అందులో అనంతపద్మనాభుడు వెయ్యేళ్లకు పైగా పడుకునే ఉన్నాడు. ఒక్క స్క్వాట్ చేసిన దాఖలా లేదు. దేవుళ్లు రెండు పక్షాలా ఉన్నారు గనక ఆ చర్చ అక్కడితో ముగిసింది.

నడకవాళ్లంటే మాత్రం నాకు గౌరవం. పొద్దున్నే స్టేడియంలో ముప్పావు గంట నడుస్తారు, సుమారు 200 కాలరీలు కరుగుతాయి. బయటికి రాగానే నెయ్యి కారప్పొడి ఇడ్లీ ఒక ప్లేటు, మీదో కాఫీ. అప్పు ఉంచుకోకుండా వడ్డీతో సహా అక్కడికక్కడే తీర్చేసి ఇంటికెళ్తారు.

ఈ పరిస్థితుల్లోనే పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ అత్యవసర సమావేశం సెల్లార్‌లో జరిగింది. బ్యాంకావిడ లేచి (చేతులు ఆన్చకుండా, అందరూ గమనించాలని) ఒక పరీక్ష ప్రతిపాదించింది. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టడం. పెద్దవాళ్లకి కాళ్లలో సత్తువెంతుందో, పడిపోయే ప్రమాదమెంతో తెలుసుకోవడానికి డాక్టర్లు కూడా చేయిస్తారట. ప్రెసిడెంటుగారు సవాలు స్వీకరించారు. చేతులు కట్టుకున్నారు. ముందుకి వంగారు. ఒకసారి ఊగారు, రెండోసారి ఊగారు. మూడో ఊపుకి లేచారు, ఆయనతో పాటు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కూడా లేచింది. వెనకాల ఎవరో నవ్వారు. నేనైతే చలించిపోయాను. మనిషి లేచినా వదలని కుర్చీ! ఐదేళ్లకొకసారి ఊరూరా తిరిగి దండాలు పెట్టే మహామహులకి దక్కని యోగం అది. వాచ్‌మన్ వచ్చి కుర్చీని పట్టి లాగేదాకా 30 సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.

వెంటనే తీర్మానం ప్రవేశపెట్టాం. అపార్ట్‌మెంటు ఆవరణలో స్క్వాట్లు నిషేధం. పేరంటాల్లో రెండో వడ్డన వద్దనేవాళ్లు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. మెట్లు అత్యవసరానికి తప్ప వాడకూడదు. అందరూ చేతులెత్తారు, అది కూర్చునే చేయొచ్చు. రాసుకుందామంటే మినిట్స్ పుస్తకం ఐదో అంతస్తులో సెక్రటరీగారింట్లో ఉంది. లిఫ్టు రిపేరులో ఉంది. వాచ్‌మన్ కుర్చీ కాలు సరిచేస్తున్నాడు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చివరికి బ్యాంకావిడే వెళ్లి పుస్తకం తెచ్చింది. ఆయాసం కూడా లేదు. ఆవిడకి వ్యతిరేకంగా తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించి, ఆవిడ పెన్నుతోనే సంతకాలు చేశాం.