ఊరి కోడ్ కొట్టి బాణం నొక్కితే సరిపోదు

పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "విమానంలో జీపీఎస్ అంటే ఫోన్‌లో మ్యాప్స్ లాంటిదే. ఎయిర్‌పోర్ట్ కోడ్ కొట్టి, బాణం గుర్తున్న బటన్ నొక్కితే చాలు, గులాబీ గీత పట్టుకుని పోవడమే. అప్రోచ్ కూడా అదే చేయిస్తుంది. శాటిలైట్ అబద్ధం చెప్పదు, వీఓఆర్‌లూ చార్టులూ పరీక్ష కోసమే. మాన్యువల్ చదవడం దండగ, రెండు సార్లు ఎగిరితే అదే వస్తుంది. ఒక డబ్బా వస్తే అన్నీ వచ్చినట్టే."

కొత్తవాళ్ళ కోసం ముందు మాటలు: డబ్బా అంటే విమానంలోని జీపీఎస్ పరికరం, గులాబీ గీత అంటే అది స్క్రీన్ మీద చూపే దారి, అప్రోచ్ అంటే రన్‌వే దాకా దిగే నిర్ణీత దారి, వీఓఆర్ అంటే దారి చూపే నేల మీది రేడియో కేంద్రం, చార్ట్ అంటే విమానయాన పటం. నేను నేర్పించేది ఈ డబ్బాల వాడకమే కాబట్టి 'ఇది నిజమేనా' అనే ప్రశ్న వారం వారం నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. సందేశంలో నిజం అసలు లేదని అనను. జీపీఎస్ వచ్చాక చిన్న విమానాల్లో దారి తప్పడం బాగా తగ్గింది. ఇంజిన్ మొరాయించినప్పుడు దగ్గర్లో ఏ రన్‌వే ఉందో క్షణాల్లో చెప్పే పరికరం వేరే లేదు. గార్మిన్ కంపెనీ డబ్బా జీఎన్‌ఎస్ 430లో కుడివైపు పెద్ద నాబ్‌ను కుడికి చివరిదాకా తిప్పితే 'నియరెస్ట్' పేజీలు వస్తాయి. కొత్త విద్యార్థికి నేను మొదట చూపించేది అదే. కానీ అక్కణ్ణుంచి "ఇక నేర్చుకోడానికేం లేదు" అనే దాకా వెళ్తేనే గొడవ. వరసగా చూద్దాం.

"ఫోన్‌లో మ్యాప్స్ లాంటిదే."

ఫోన్ రోడ్డును నమ్ముకుంటుంది. మలుపు తప్పితే తనే కొత్త దారి వేస్తుంది, అర్థం కాకపోతే బండి పక్కకి ఆపుకోవచ్చు. గాల్లో పక్కకి ఆపడం ఉండదు. పైగా 1998లో వచ్చిన 430 ఇప్పటికీ చాలా ట్రైనర్ విమానాల్లో ఉంది. దాన్లో కీబోర్డ్ లేదు, టచ్ స్క్రీన్ లేదు. ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు నాబ్‌లలో పెద్దది కర్సర్‌ను జరుపుతుంది, చిన్నది అక్షరాన్ని మారుస్తుంది. శంషాబాద్ కోడ్ వీఓహెచ్ఎస్ కొట్టడం నేల మీద చిటికెలో పని. ఎండాకాలం మధ్యాహ్నం విమానం ఊగుతుంటే చిన్న నాబ్ బదులు పెద్దది తిరుగుతుంది, కర్సర్ ఎక్కడికో పోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. 110 నాట్ల వేగంతో పోయే సెస్నా 172లో 20 సెకన్లు తల వంచుకుని కూర్చుంటే కిలోమీటరు పైగా దూరం బయటికి చూడకుండా దాటిపోయినట్టే.

ఇంకో తేడా డేటాబేస్. ఫోన్ మ్యాప్ తనంతట తనే అప్‌డేట్ అవుతుంది. విమానయాన సమాచారం ప్రపంచమంతా 28 రోజుల చక్రంలో మారుతుంది, ఆ డేటాను డబ్బాలోకి ఎవరో ఒకరు ఎక్కించాలి. ఆన్ చేయగానే 430 ఆ డేటా ఏ తేదీ దాకా చెల్లుతుందో చూపించి, చూశానని ఒప్పుకునే దాకా ముందుకు కదలదు. మనవాళ్ళు తేదీ చూడకుండా ఎంటర్ నొక్కేస్తారు, ఫోన్‌లో షరతులకు 'ఐ అగ్రీ' కొట్టినట్టు. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒకటే అని ఒప్పుకోవాల్సిందే.

"బాణం బటన్ నొక్కితే చాలు."

ఆ బటన్ పేరు డైరెక్ట్-టు. ఉన్న చోటు నుంచి కోరిన చోటికి తిన్నగా గీత గీయడం దాని పని. ఆ గీత కింద ఏముందో, మధ్యలో ఎవరి గగనతలం ఉందో చూసి పక్కకి తప్పించే పని దానిది కాదు. హైదరాబాద్ సంగతే తీసుకోండి. బేగంపేటకు ఉత్తరం వైపు హకీంపేట, వాయవ్యాన దుండిగల్, రెండూ వాయుసేనవి. దక్షిణం వైపు శంషాబాద్‌కు వచ్చీపోయే పెద్ద విమానాలు. అక్కడ ఎటు గీత గీసినా ముందు ఎవరితో మాట్లాడాలి, ఎంత ఎత్తులో ఉండాలి అన్నది చార్ట్ చూసి, నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఇచ్చే క్లియరెన్స్ (అనుమతి) విని తెలుసుకోవాల్సిందే. గగనతలం దగ్గరపడుతోందని డబ్బా ఒక మెసేజ్ ఇస్తుంది, అంతే. ఆ మెసేజ్ లైట్ వెలుగుతున్నా చూడకుండా ఎగిరేవాళ్ళు ఎందరో.

తిన్న గీత ఎంత ఖరీదైనదో చెప్పడానికి కొలంబియా దాకా వెళ్ళాలి. 1995 డిసెంబర్ 20 రాత్రి, మయామి నుంచి కాలి నగరానికి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965, బోయింగ్ 757. దాన్లో ఉన్నది జీపీఎస్ డబ్బా కాదు, ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్. అయితే బటన్ల వెనక ఆలోచన ఇదే. ముందు కాలికి డైరెక్ట్ అని కొట్టారు. దాంతో మధ్యలో ఉన్న తులువా అనే వీఓఆర్ వాళ్ళ స్క్రీన్ మీది ప్లాన్ నుంచి పోయింది. ఆ తర్వాత కంట్రోలర్ రిపోర్ట్ చేయమన్నది ఆ తులువా దగ్గరే. అప్పటికే రన్‌వే మారింది, తిన్నగా దిగే దారి ఒప్పుకున్నారు, టైమ్ లేదు. తులువా కోసం వెతుకుతూ, చివరికి రోజో అనే రేడియో బీకన్‌కు వెళ్దామని, చార్ట్ మీద ఉన్నట్టే దాని గుర్తు 'ఆర్' ఒక్క అక్షరం కొట్టారు. కంప్యూటర్‌కు ఆర్ అంటే రోజో కాదు, బొగోటా దగ్గరున్న రోమియో. రోజో కావాలంటే పేరు పూర్తిగా కొట్టాలి. ఆ సంగతి చార్ట్ చెప్పలేదు, వీళ్ళు సరిచూసుకోలేదు. రెండు వైపులా కొండలున్న లోయలో, చీకట్లో, కిందికి దిగుతూనే విమానం ఎడమకు తిరిగింది. తప్పు గ్రహించి కుడికి తిప్పేసరికి మధ్యలో కొండ ఉంది. విమానంలో 163 మంది. నలుగురే బతికారు.

వాళ్ళు బటన్లు తెలియని పిల్లలు కాదు, అనుభవమున్న ఎయిర్‌లైన్ పైలట్లు. అందుకే డైరెక్ట్-టు నొక్కే ముందు ఒక పని చేయమంటాను: ఎన్ని డిగ్రీలకు, ఎంత దూరం రావాలో చార్ట్ చూసి మనసులో అనుకోండి, ఆ తర్వాతే డబ్బా చూపించే అంకె చదవండి. తూర్పున ఉండాల్సిన ఊరికి 270, అంటే పడమర, చూపిస్తే ఎంటర్ మీద వేలు ఆగిపోవాలి.

"అప్రోచ్ అదే చేయిస్తుంది."

ఈ మాట దగ్గరే నాకు ఎక్కువ చిరాకు. అసలు నేర్చుకోవాల్సిందంతా ఇక్కడే ఉంది.

మొదటిది, లోడ్ చేయడం వేరు, యాక్టివేట్ చేయడం వేరు. అప్రోచ్‌ను లోడ్ చేస్తే అది ప్లాన్ చివర చేరి తన వంతు కోసం ఆగుతుంది. యాక్టివేట్ నొక్కితే అంతవరకూ ఎగురుతున్న దారిని వదిలేసి ఇప్పుడే అటు లాగుతుంది. రెండూ మెనూలో పక్కపక్కనే ఉంటాయి. ఆటోపైలట్ వేసి ఉండగా ఒకటి బదులు ఇంకోటి నొక్కితే, అడక్కుండానే విమానం తిరిగిపోతుంది. ఇదేంటని కంట్రోలర్ అడిగే దాకా పైలట్‌కు తెలియకపోవచ్చు.

తర్వాత వెక్టర్స్. కంట్రోలర్ హెడింగ్‌లు (ఏ దిశకు తిరగాలో) ఇచ్చి ఫైనల్ మీదికి, అంటే రన్‌వేకు ఎదురుగా ఉండే చివరి దారి మీదికి, చేరుస్తానంటే చాలామంది 'వెక్టర్స్-టు-ఫైనల్' ఎంచుకుంటారు. 430లో అలా చేస్తే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కు, అంటే ఆ చివరి దారి మొదలయ్యే పాయింట్‌కు, ముందున్న పాయింట్లు ప్లాన్‌లోంచి పోతాయి. కాసేపటికి కంట్రోలర్ మనసు మార్చుకుని ఆ ముందు పాయింట్‌కే డైరెక్ట్ వెళ్ళమంటే అది స్క్రీన్ మీద ఉండదు. అప్రోచ్ మళ్ళీ లోడ్ చేయాలి. మబ్బుల్లో, ఒక్కరే ఉండి, రేడియోకి జవాబిస్తూ. ఈ టెన్షన్ ఏంటో అనుభవించినవాళ్ళు "అదే చేయిస్తుంది" అనరు.

ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గరి రేడియో సిగ్నళ్ళు పట్టుకుని దిగే పద్ధతి) అయితే ఇంకో తిరకాసు. అప్రోచ్ లోడ్ చేయగానే లోకలైజర్ (రన్‌వే మధ్యగీతను చూపే సిగ్నల్) ఫ్రీక్వెన్సీ స్టాండ్‌బైలోకి మాత్రమే వస్తుంది. దాన్ని యాక్టివ్‌లోకి మార్చాల్సింది మీరు. అది చేశాక కూడా దారికి ఎటు తప్పామో చూపే సూదిని సీడీఐ బటన్‌తో జీపీఎస్ నుంచి వీఎల్ఓసీకి (నేల మీది రేడియోకి) మార్చారా లేదా అన్నది చూసుకోవాలి. సెట్టింగ్‌ను బట్టి కొన్నిసార్లు డబ్బానే మారుస్తుంది, కొన్నిసార్లు మార్చదు. మారకపోతే సూది చక్కగా మధ్యలోనే ఉంటుంది, అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ మీరు చూస్తున్నది ఐఎల్ఎస్ కాదు. గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు చూపే సిగ్నల్) ఇంకా రావట్లేదేంటి అని ఎదురుచూస్తూ ఎత్తు మీద ఉండిపోతారు.

ఆ సూది కొలత కూడా ఒక్కటి కాదు. వాస్ (జీపీఎస్ సిగ్నల్‌ను సరిదిద్దే వ్యవస్థ) ఉన్న 430లో ప్రయాణంలో సూది చివరిదాకా పోతే రెండు నాటికల్ మైళ్ళ తేడా, విమానాశ్రయం దగ్గర ఒకటి, ఫైనల్ దగ్గర 0.3 లేదా అంతకన్నా సన్నం. ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కు రెండు మైళ్ళ ముందు నుంచి అది బిగుసుకుంటుంది. స్క్రీన్ కింద ఓ మూల చిన్న అక్షరాల్లో ఏ మోడ్‌లో ఉందో రాసి ఉంటుంది. అప్రోచ్ మోడ్‌లోకి రాకపోతే దిగే హక్కు లేదు, పైకి వెళ్ళిపోవాల్సిందే. ఆ మూల వైపు చూడని విద్యార్థి సూదిని ఎంత అందంగా మధ్యలో పెట్టినా నేను సంతకం పెట్టను.

చివరికి రన్‌వే కనపడలేదు, గో-అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి. పవర్, పిచ్, ఫ్లాప్స్, ఇవన్నీ ఒకేసారి. మిస్డ్ అప్రోచ్ పాయింట్ (రన్‌వే కనపడకపోతే దిగడం మానుకోవాల్సిన చోటు) దాటగానే 430 తర్వాతి పాయింట్‌కు తనంతట తను వెళ్ళదు, ఆగిపోయి 'సస్‌పెండ్' గుర్తు చూపిస్తుంది. ఓబీఎస్ బటన్ నొక్కితేనే మిస్డ్ అప్రోచ్ దారి చూపిస్తుంది. ఇది తెలియనివాళ్ళు గీత తిన్నగా ఉంది కదా అని తిన్నగానే పోతారు. తెలిసినవాళ్ళలోనూ కొందరు ఎక్కడం మానేసి ముందు బటన్ కోసం వెతుకుతారు, అది ఇంకా ప్రమాదం. విమానం స్థిరంగా పైకెక్కాకే డబ్బా సంగతి.

"శాటిలైట్ అబద్ధం చెప్పదు."

సిగ్నల్ గొప్పదే. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తెచ్చిన గగన్ ఆ సిగ్నల్‌ను సరిదిద్ది ఇస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతోనే రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది. ఇది గర్వపడాల్సిన విషయమే.

కానీ అబద్ధం శాటిలైటే చెప్పక్కర్లేదు, నేల మీదున్న ఎవరైనా దాని గొంతుతో చెప్పొచ్చు. దాన్నే స్పూఫింగ్ అంటున్నారు. జామింగ్‌లో సిగ్నల్ పోతుంది, డబ్బా గోల పెడుతుంది. స్పూఫింగ్‌లో డబ్బా హాయిగా తప్పు చోటు చూపిస్తుంది. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి మధ్య అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లోనే జీపీఎస్‌కు ఆటంకం కలిగిన 465 ఘటనలు నమోదయ్యాయని కేంద్రం లోక్‌సభకు చెప్పింది. 2025 నవంబర్‌లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరే ఇది జరిగింది. పౌరవిమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు ఇచ్చిన సమాధానంలో ఈ సంగతి ఒప్పుకున్నారు. నేల మీది నావిగేషన్ సాధనాల కనీస వ్యవస్థను తీసేయకుండా ఉంచుతున్నామనీ చెప్పారు. పరీక్ష కోసమే అయితే ప్రభుత్వం అంత ఖర్చు పెట్టి వీఓఆర్‌లను ఎందుకు నిలబెడుతుంది?

స్పూఫింగ్ లేకపోయినా, విమాన రిసీవర్ తన లెక్క తనే పరీక్షించుకోవాలి. దాన్ని రైమ్ అంటారు. చోటు తెలియడానికి నాలుగు శాటిలైట్లు చాలు, వాటిలో తప్పుడుది ఉందని పసిగట్టడానికి ఐదు కావాలి, దాన్ని పక్కన పెట్టడానికి ఆరు. ఆ పరీక్ష కుదరనప్పుడు డబ్బా ఒక మెసేజ్ ఇస్తుంది. మెసేజ్‌లు చదవని అలవాటు ఇక్కడ కూడా కొంప ముంచుతుంది.

"రెండు సార్లు ఎగిరితే అదే వస్తుంది."

రాదు. ఇంజిన్ తిరుగుతుండగా మెనూలు నేర్చుకోవడం అంటే పెట్రోలు పోసి మాన్యువల్ చదవడమే. గంట అద్దె ఎంతో మీ నాన్నగారిని అడగండి, ఆయనకు బాగా గుర్తుంటుంది. గార్మిన్ తన డబ్బాలకు కంప్యూటర్‌లో నడిచే ట్రైనర్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇచ్చింది. ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్‌లో 430 లోపలే ఉంది. ఇంట్లో కూర్చుని అప్రోచ్ లోడ్ చేయండి, మధ్యలో మార్చండి, వెక్టర్స్ ఇచ్చినట్టు ఊహించుకోండి, మిస్డ్ అప్రోచ్‌కు వెళ్ళండి. ఏ పని అయినా చూడకుండా చేతికి వచ్చే దాకా చేసి, అప్పుడు విమానం ఎక్కండి.

"ఒక డబ్బా వస్తే అన్నీ వచ్చినట్టే."

ఆలోచన వస్తే అన్నీ సులువవుతాయి, అది నిజం. వేళ్ళు మాత్రం మళ్ళీ నేర్చుకోవాలి. 2011లో వచ్చిన గార్మిన్ జీటీఎన్ 650, 750లు టచ్ స్క్రీన్‌వి. 430లో ఓబీఎస్ బటన్ అలవాటైన చెయ్యి వాటిలో ఆ బటన్ ఉండాల్సిన చోట తడుముతుంది. అదే కంపెనీ జీ1000లో నాబ్‌లు స్క్రీన్ చుట్టూ ఉంటాయి. అద్దె విమానం మారితే మొదటి అప్రోచ్ మబ్బుల్లో చేయకండి. ఎండ ఉన్న రోజు, పక్కన బయటికి చూసే మనిషిని పెట్టుకుని, ఒక పూర్తి అప్రోచూ ఒక మిస్డ్ అప్రోచూ కొత్త డబ్బాతో చేసి చూడండి. ఈ మధ్య ఆ సందేశాన్ని నాకే ఫార్వార్డ్ చేసిన కుర్రాడికి కూడా వచ్చే ఆదివారం అదే పని పెట్టాను.