చెక్కుతో పాటు అర్జీ కూడా పంపుదాం

అమెరికాలో ఉన్న మన సంఘాలు సీమకు చేసింది తక్కువేం కాదు. బడి గదులు కట్టించాం, కంటి శిబిరాలు పెట్టించాం, ఆసుపత్రులకు మెషీన్లు కొనిచ్చాం. కానీ ఒక జబ్బు మీద పరిశోధనకు డబ్బు పెట్టమని ప్రభుత్వాన్ని అడగడం మాత్రం, నేనెరిగినంతలో, మనం తలకెత్తుకోలేదు. ఇక తలకెత్తుకోవాలని, అది మెదడుకు వచ్చి ఒంటి కదలికలను దెబ్బతీసే పార్కిన్సన్స్‌తో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అనంతపురం, కర్నూలు, కడపలోని రోగుల కుటుంబాలు తమ ఎంపీ ముందు కూర్చుని ఈ మాట అడిగేలా మనం వెనక నిలబడాలి. అమెరికాలో ఓటున్న వాళ్లం ఇక్కడి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యుల్ని అడగాలి.

అనంతపురంలో మా పెద్దనాయన రిటైరైన బడిపంతులు. ఒకరోజు బ్యాంకులో సంతకం కలవలేదన్నారు. మళ్లీ పెట్టాడు, మళ్లీ కలవలేదు. ఆ కాగితం నేను చూశాను. మొదటి అక్షరం ఎప్పటిలా గుండ్రంగా ఉంది. అక్కడి నుంచి ఒక్కో అక్షరం చిన్నదవుతూ పోయి, ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి ఒట్టి గీత మిగిలింది. నలభై ఏళ్లు నల్లబల్ల మీద పిల్లలకు దస్తూరి నేర్పిన చెయ్యి అది. "వయసొచ్చింది, చేతులు వణకవా ఏమి" అన్నారు వీధిలో వాళ్లు. నిజానికి ఆయనకు వణుకు అంతగా లేదు. మొహంలో నవ్వు కనబడేది కాదు, నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది కాదు, అంతే. బెంగళూరులో న్యూరాలజిస్టు ఒక పేజీ రాయించి, పిడికిలి తెరిచి మూయించి, వరండాలో అటూ ఇటూ నడిపించి జబ్బు పేరు చెప్పాడు. మామూలు రక్తపరీక్షతో తేలేది కాదిది, తెలిసిన డాక్టరు దగ్గరుండి చూడాలి. అందుకే మన జిల్లాల్లో ఎంతమంది దీన్ని 'ముసలితనం' అనుకుని మూలన కూర్చుండిపోయారోనని నాకు దిగులు.

ఈ జబ్బుకిచ్చే లెవోడోపా మందున్న సిండోపా మాత్ర పనిచేసినంతసేపు పెద్దనాయన పేపరు చదువుతాడు, గేటు దాకా వెళ్లి వస్తాడు. ప్రభావం దిగిపోతే కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. పప్పన్నంతో పాటు వేసుకుంటే మాత్ర సరిగా ఎక్కదు. పప్పులోని మాంసకృత్తులు, మాత్రలోని లెవోడోపా పేగుల్లోంచి ఒకే దారిలో లోపలికి పోవాలి మరి. కాబట్టి మా పెద్దమ్మ ముందు మాత్ర ఇచ్చి, గడియారం చూసి, ఆ తర్వాతే సంగటి పెడుతుంది. ఆ ఇంట్లో పొద్దు తిరిగేది మాత్రల టైము చుట్టూనే.

ఈ జబ్బులో మెదడు లోపల కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. లక్షణాలు బయటపడేసరికే చాలా భాగం పోయి ఉంటాయి. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వర్ణించి రాసింది 1817లో. లెవోడోపా వైద్యం వచ్చింది 1960ల్లో. ఇన్నేళ్లయినా అదే ప్రధానమైన మందు. అది డోపమైన్ లోటు పూడుస్తుంది గానీ కణాల చావును ఆపదు. ఆపుతుందని రుజువైన మందు ఇంతవరకూ ఒక్కటీ లేదు.

ఈ లెవోడోపా కథలో మనకూ ఒక పేజీ ఉంది. మన ఊళ్లలో ఒంటికి తగిలితే దురదపెట్టే దూలగొండి తెలుసు కదా. సీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1937లో, మద్రాసులోనే దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. దాని ఉపయోగం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కదలిక పోయిన కుందేళ్లకు దాన్ని ఎక్కిస్తే అవి లేచి తిరిగాయి. ఆయనకు నోబెల్ వచ్చింది 2000లో. గింజ నుంచి రోగి దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. లాభం ఎప్పుడొస్తుందో తెలియని పనికి కంపెనీలు అన్నేళ్లు ఆగవు. ఆగగలిగేది ప్రభుత్వ ఖజానా ఒక్కటే, ఆ ఖజానా తలుపు ఎవరో ఒకరు తట్టాలి.

అమెరికాలో తట్టింది రోగులే. కాలిఫోర్నియా లాయర్ జోన్ శామ్యూల్సన్‌కు చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చింది. 1991లో ఆమె పార్కిన్సన్స్ యాక్షన్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. సంఘంలోని రోగులు, వాళ్ల భార్యలు, భర్తలు, పిల్లలు తమ తమ నియోజకవర్గాల సభ్యుల ఆఫీసులకు వెళ్లారు, ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. 30 ఏళ్లు అరిజోనా నుంచి కాంగ్రెస్‌లో ఉండి, ఇదే జబ్బుతో పదవి వదులుకున్న మోరిస్ ఉడాల్ పేరు మీద 1997 నవంబరులో చట్టం వచ్చింది. ఏడాదికి 10 కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టొచ్చని అందులో రాశారు.

అక్కడితో పని అయిపోలేదు, మనం బాగా గమనించాల్సింది ఇదే. ఖర్చుపెట్టొచ్చని చట్టంలో రాయడం వేరు, బడ్జెట్‌లో డబ్బు చూపించడం వేరు. రెండోది ప్రతి ఏడూ అడగాల్సిందే. 1999లో నటుడు మైకేల్ జె. ఫాక్స్ సెనేట్ కమిటీ ముందుకు కావాలనే మాత్ర వేసుకోకుండా వెళ్లారు, జబ్బు ఎలా ఉంటుందో సభ్యులు కళ్లారా చూడాలని. 2024 జూలైలో పార్కిన్సన్స్‌కు జాతీయ ప్రణాళిక కావాలనే చట్టం మీద సంతకమైంది. ప్రతినిధుల సభలో దానికి 407 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా తొమ్మిది. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే జాతీయ ఆరోగ్య సంస్థల బడ్జెట్‌ను దాదాపు 40 శాతం కోయాలని ప్రతిపాదన వచ్చింది. అందుకే ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదంటున్నాను.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కు వెళ్లి చూడండి. అర్జీ చేతపట్టుకుని పొద్దున్నే వరుసలో నిలబడే ఓపిక సీమ జనానికి ఎంతుందో తెలుస్తుంది. నీళ్ల కోసం, పింఛను కోసం, పట్టా కోసం అడుగుతారు. అడగడం వాళ్లకు మనం నేర్పనక్కర్లేదు. పరిశోధన కూడా అడిగి తెచ్చుకోదగ్గ వస్తువేనని, దాన్ని అడగాల్సిన గడప ఢిల్లీలో ఉందని చెప్పాలి. వైద్య పరిశోధనకు డబ్బిచ్చేది కేంద్రంలోని ఆరోగ్య పరిశోధన విభాగం, దాని కింద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి). ఆ విభాగం పద్దును పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలిస్తుంది. కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట ఎంపీలు ఆరుగురిలో ఎవరు లోక్‌సభలో ప్రశ్న వేసినా మంత్రి జవాబు చెప్పాలి. గత ఐదేళ్లలో పార్కిన్సన్స్ పరిశోధనకు ఎంత ఇచ్చారు, అందులో రాయలసీమలో ఖర్చయింది ఎంత? ఆ లెక్క ఒక్కటి రికార్డులోకి ఎక్కితే తర్వాత అడగడానికి ఆధారం దొరుకుతుంది.

మన జిల్లాలకే ప్రత్యేకంగా అడగాల్సింది ఇంకొకటి ఉంది. బెంగళూరు ప్రాంతంలో చేసిన సర్వేలో లక్షకు 33 మందికి ఈ జబ్బు తేలింది. ముంబై పార్సీల్లో లక్షకు 328. పార్సీల్లో వృద్ధులు ఎక్కువ కావడం ఒక కారణమే అయినా, ఒక చోటి లెక్క ఇంకో చోటికి పనికిరాదని దీన్నిబట్టే అర్థమవుతుంది. జన్యువుల సంగతీ అంతే. యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో తరచుగా కనబడే ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జన్యువులోని మార్పు మన రోగుల్లో అరుదు. దాన్ని గురిపెట్టి చేసిన మందు మా పెద్దనాయనకు పనికొస్తుందన్న భరోసా ఏముంది?

ఇక గడ్డిమందు. ఆదోని వైపు పత్తి చేలల్లో వీపున ట్యాంకు కట్టుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఒట్టికాళ్లతో మందు కొట్టే కూలీలను మనమంతా చూసినవాళ్లమే. నాజిల్ మూసుకుపోతే ఊడదీసి నోటితో ఊదేవాళ్లను కూడా చూశాను. పారాక్వాట్ అనే గడ్డిమందు గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడిన అమెరికా రైతుల్లో ఈ జబ్బు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడిందని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. పారాక్వాటే కారణమని అది తేల్చలేదు, తయారీదారులు ఒప్పుకోరు, శాస్త్రవేత్తల్లో చర్చ సాగుతోంది. అయినా యూరప్ దాన్ని 2007లో ఆపేసింది, మన పక్కన కేరళ 2011లో నిషేధించింది. సీమ కూలీ ఒంటి మీద దాని ప్రభావం సీమలోనే తేలాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో రోగుల రిజిస్టరు పెట్టి, ఎవరు ఏ పంటలో ఏ మందు ఎన్నేళ్లు కొట్టారో రాసిపెట్టమని అడగాలి. మెడికల్ కాలేజీల్లో పరిశోధన యూనిట్లు పెట్టే పథకం కేంద్రం దగ్గర ఉంది కూడా. నా మటుకు నాకు, మొత్తం అర్జీలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే.

టీబీ, రక్తహీనత ఉండగా ఈ జబ్బుకెందుకు అని అడిగేవాళ్లుంటారు. వాటి డబ్బు తీసి దీనికివ్వమని ఎవరూ అనడం లేదు. మన దేశం జీడీపీలో ఒక్క శాతం కూడా మొత్తం పరిశోధనకు పెట్టడం లేదు, పెరగాల్సింది ఆ మొత్తమే.

సంఘం పెద్దల భయం వేరు. "రాజకీయాలు మనకెందుకు" అంటారు. అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) కింద ఉన్న స్వచ్ఛంద సంస్థ అభ్యర్థులకు ప్రచారం చేయకూడదు, అది నిజం. కానీ చట్టం గురించి, బడ్జెట్ గురించి ప్రతినిధులతో మాట్లాడటానికి పరిమితుల మేరకు వీలుంది, లాయరును అడిగి ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవచ్చు. ఇండియాలో మాత్రం మనలో అమెరికా పౌరులైన వాళ్లు ముందుకు రాకూడదు. అక్కడ అర్జీ ఇవ్వాల్సింది అక్కడి ఓటరే. మనం చేయాల్సింది రోగుల కుటుంబాలను ఒకరికొకరిని కలపడం, సమాచారం తెలుగులో రాసిపెట్టడం, ఇక్కడి సంఘాలు ఎలా నడిచాయో చెప్పడం.

కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది, కానీ శాఖలు అంకెలు వేసుకునేది అంతకు కొన్ని నెలల ముందే. కాబట్టి ఎంపీలకు ఉత్తరాలు దసరా, దీపావళి రోజుల్లోనే అందాలి. దానికి ముందు వచ్చే మన మహాసభల్లో ఒక గది, ఒక పూట ఇవ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. సీమ జిల్లాల్లో పార్కిన్సన్స్ ఉన్న ఇంటివాళ్లు ఎవరైనా సరే అక్కడికి రండి. ఏ ఎంపీకి ఎవరి కుటుంబం రాయాలో, ఇక్కడ ఏ కాంగ్రెస్ ఆఫీసుకు ఎవరు వెళ్లాలో ఆ పూటే పంచుకుందాం.