హోమ్ దాటిన పిల్లలకూ ఒక లక్కీ డిప్ కావాలి

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌కి వెళ్లినా, విజయవాడలో గది అద్దెకు అడిగినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ‘మీ నాన్నగారేం చేస్తుంటారమ్మా?’ పద్దెనిమిదేళ్లు నిండి బాలసదనం (ఎవరూ లేని పిల్లల ప్రభుత్వ హోమ్) నుంచి బయటికొచ్చిన అమ్మాయి దగ్గర దానికి జవాబు ఉండదు. ఆమె చేతిలో ఉండేది టైలరింగ్ కోర్సు సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన మరుక్షణం ఆఫీసు లెక్కలో ఆమె ‘శిక్షణ పొందిన లబ్ధిదారు’ అయిపోతుంది. డబ్బు ఖర్చయిందని చెప్పే యూసీ (వినియోగ ధ్రువపత్రం) పైకి వెళ్తుంది, ఫైలు మూతపడుతుంది. ఆమెకు గది దొరికిందా లేదా అన్నదానికి ఆ ఫైలులో కాలమ్ లేదు.

చట్టం సంగతి తెలిసిందే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ఈ పిల్లలకు ఆర్థిక సాయం ‘చేయవచ్చు’ అంటుంది, ‘చేయాలి’ అనదు. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య వచ్చాక ఆఫ్టర్ కేర్ (హోమ్ వదిలాక ఇచ్చే ఆసరా) కింద నెలకు 4,000 రూపాయలు అన్నారు. నా పేచీ ఆ మొత్తం మీద కాదు. దానివల్ల ఏం మారిందో చూసే అలవాటు మనకు లేకపోవడం మీద.

అమెరికా ఈ విషయంలో మొహమాటపడలేదు. ఫోస్టర్ కేర్ (సొంతింట్లో ఉండలేని పిల్లలను ప్రభుత్వం వేరే కుటుంబాల్లోనో హోమ్‌లలోనో పెంచే ఏర్పాటు) నుంచి బయటికెళ్లే పిల్లల కోసం అక్కడ 1999లో చట్టం చేశారు. ఏడాదికి 14 కోట్ల డాలర్లు ఇచ్చి, అందులో ఒకటిన్నర శాతం ఈ పథకాలు పనిచేస్తున్నాయా లేదా తేల్చడానికే తీసిపెట్టాలని అందులోనే రాసుకున్నారు. అలా నాలుగు కార్యక్రమాలను పరీక్షకు పెట్టారు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో బతుకుతెరువు పాఠాలు చెప్పే క్లాసులు, మరోచోట ఉద్యోగం వెతకడంలో సాయం, ఇంకోటి ట్యూషన్. మసాచుసెట్స్‌లో మాత్రం ఒక్కొక్కరినీ విడిగా కలుస్తూ వెంట ఉండే వర్కర్ (సామాజిక కార్యకర్త). చీటీలు తీసినట్టుగా పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కార్యక్రమం ఇచ్చి, రెండో గుంపును మామూలుగా అందే సేవలకు వదిలి, కొన్నేళ్ల తర్వాత రెండు గుంపులనూ పోల్చారు.

క్లాసులు తేలిపోయాయి. ట్యూషనూ, ఉద్యోగ సాయమూ అంతే. 2008, 2011 నివేదికల్లో ఆ మాట దాచకుండా రాశారు. మసాచుసెట్స్ పిల్లలు మాత్రం కాలేజీలో ఎక్కువమంది చేరారు, చేరినవాళ్లు నిలబడ్డారు. అయితే వాళ్లే ఎక్కువకాలం ఫోస్టర్ కేర్‌లో ఉండిపోయారు కూడా. మరి గొప్ప వర్కర్‌దా, నెత్తిమీద ఉన్న కప్పుదా? ఆ అనుమానాన్ని పరిశోధకులే లేవనెత్తారు. ఆ తర్వాత టెన్నెసీలో 1,300 మందికి పైగా యువతతో ఇలాంటి పరీక్షే జరిగింది. వర్కర్‌కి ఎనిమిది మంది చొప్పున, వారానికోసారి కలుస్తూ తొమ్మిది నెలలు. మొదటి ఏడాదిలో సంపాదన 17 శాతం పెరిగింది, నీడలేక తిరగడం తగ్గింది. చదువులోనూ, పోలీసు కేసుల్లోనూ తేడా రాలేదు.

నాకు దీంట్లో కనిపించేది ఇది: క్లాసులో చెప్పిన పాఠం గేటు దాటేసరికి ఆవిరైపోతుంది. ఓనర్‌తో మాట్లాడటానికి పక్కన వచ్చి నిలబడే మనిషి ఉంటే గది దొరుకుతుంది. మనం ఇంకా క్లాసుల దగ్గరే ఉన్నాం. బ్యూటీషియన్ కోర్సు, కంప్యూటర్ కోర్సు, ముగింపు రోజున గ్రూప్ ఫొటో. 2019లో ఉదయన్ కేర్ అనే సంస్థ ఐదు రాష్ట్రాల్లో హోమ్‌ల నుంచి బయటికొచ్చినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడింది. ఆ ఐదింట్లో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

అనాథ పిల్లల మీద ప్రయోగాలేమిటి, ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోవడం పాపం కాదా అంటారు. నిజమే, వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ బడ్జెట్ వంద మందికే ఉండి అర్హులు మూడొందల మంది ఉన్నప్పుడు రెండొందల మందికి ఎలాగూ అందదు. ఎవరికి అందాలో ఇప్పుడు తేల్చేది పలుకుబడి, లేదా ఆ రోజు సూపరింటెండెంట్‌గారి మూడ్. దానికంటే చీటీ నయం. తిరుమల ఆర్జిత సేవకు లక్కీ డిప్‌లో పేరు రాకపోతే స్వామి ఇంకా పిలవలేదనుకుని సర్దుకుంటాం. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు లాటరీ తీశారు, రెండు రాష్ట్రాల్లోనూ మద్యం షాపులకు తీస్తున్నారు. బ్రాందీ షాపు దగ్గర న్యాయంగా కనిపించే పద్ధతి బాలసదనం దగ్గర పాపమెలా అవుతుందో నాకర్థం కాదు.

పైగా అనాథల మధ్య గీతలు మనం ఎప్పుడో గీసేశాం. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఎవరూ లేక, గుర్తింపున్న అనాథాశ్రమంలో చేరిన పిల్లలు బీసీ-ఏలోకి వస్తారు. పదకొండో ఏట పోగొట్టుకుంటే రారు. కొవిడ్‌తో అమ్మానాన్నలు పోయిన పిల్లలకు పీఎం కేర్స్ కింద పద్దెనిమిది నిండాక నెలనెలా స్టైపెండ్, ఇరవై మూడు నిండగానే పది లక్షలు. దేశంలో అలాంటివాళ్లు నాలుగు వేలకు పైగా ఉన్నారు. అదే ఏడాది లారీ గుద్ది పోయినవాళ్ల పిల్లలకు అది లేదు. ఇన్ని గీతలు గీసినవాళ్లం, గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఏమయ్యారో ఒకసారి తొంగి చూడొచ్చుగా!

అసలు ఈ జబ్బు హోమ్‌లది మాత్రమే కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ వచ్చినా పథకం గొప్పతనం అంటే లబ్ధిదారుల సంఖ్య, బటన్ నొక్కిన రోజు జమ అయిన కోట్లు. మూడేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఏం మారిందని ఎవరూ అడగరు. ప్రతిపక్షం అడిగేది కూడా ‘ఎంతమందికి ఎగ్గొట్టారు’ అనే. హోమ్ పిల్లల విషయంలో అది ఇంకా తేలిక. వాళ్ల తరఫున ధర్నా చేసే తల్లిదండ్రులు లేరు, ఓటు బ్యాంకు అసలే లేదు.

ఏం మారిందో చూసే పనికి ముహూర్తం కూడా కుదిరింది. 2021లో పద్దెనిమిదికి చేరిన కొవిడ్ అనాథలు 2026లో ఇరవై మూడుకు వస్తారు. వాళ్ల ఖాతాలు పోస్టాఫీసులో కలెక్టర్‌తో జాయింట్‌గా ఉన్నాయి, కాబట్టి వెతకడం కష్టం కాదు. అదే వయసులో హోమ్ వదిలిన మిగతా పిల్లలను కూడా పట్టుకుని రెండు వైపులా నాలుగే ప్రశ్నలు అడగాలి: ఎక్కడుంటున్నావు, ఏం పని, నెలకెంత వస్తుంది, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు. ఈ రెండో రకం పిల్లల ఫోన్ నంబర్లు మాత్రం గేటు దాటకముందే రాసిపెట్టుకోవాలి. అవన్నీ ప్రీపెయిడ్ సిమ్‌లు, రీచార్జ్ చేయకపోతే కొన్ని నెలలకు ఆ నంబర్ ఇంకెవరికో వెళ్లిపోతుంది.